మాంద్యమునకు మందు కట్టడమేనా?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని తెలుగువారి సామెత. ఈ రెండు పనులలో దేనిని తలపెట్టినను గృహస్థు చేతిలో కాసు నిలువదని దాని భావము. సామెత గృహస్థు పక్షమున పుట్టినది. కావున అతని సంచి నుండి పోయిన సొమ్మునే అది లెక్కపెట్టినది. ఆ సొమ్ము పోయి ఎవరి చేతిలో పడినదో చెప్పలేదు. ఒక ఇల్లు లేచినచో ఇటుకబట్టీ పెట్టినవానికి, సున్నము కాల్చువానికి, బండి తోలువానికి, తాపీమేస్త్రీకి, వడ్రంగికి, కమ్మరికి, తట్ట మోయు ఆడకూలీకి, వీరందరికిని బియ్యము, ఉప్పు, చింతపండు అమ్ము చిల్లర కొట్టువానికి ఆ కొలది నెలలు భుక్తి జరుగును. గృహస్థునకు వ్యయమైనది ఊరికి ఆదాయమైనది. మాంద్యకాలమున కట్టడపు పనులను గురించి పండితులు చేయు వాదములన్నిటికిని మూలము ఈ చిన్న లెక్కలోనే కలదు.

ఆర్థిక మాంద్యము వచ్చినపుడు సరకు కొరవడదు, కొనువాడు కొరవడును. అంగడిలో బట్ట యుండును, నేతగాని యింట మగ్గముండును, కట్టుకొనవలెనను కోరిక గలవాడును ఉండును. నడుమ డబ్బు కదలదు. ధర పడిపోవునను భయముతో వర్తకుడు సరకు తెప్పింపడు. కొలువు పోవునను భయముతో జీతగాడు కొనడు. అప్పు తిరిగి రాదను భయముతో బ్యాంకు అప్పు ఇయ్యదు. ఒక్కొక్కరి పొదుపు వివేకమే. కాని అందరును ఒక్కమారే చేతులు ముడుచుకొన్నచో అందరి ఆదాయమును తగ్గిపోవును. అట్టి స్థితిలో ధైర్యముగా ఖర్చుపెట్టగలది ప్రభుత్వము. అది ఖర్చుపెట్టుటకు తగిన మార్గములలో కట్టడము మొదటి వరుసలోనిది.

ఇంతవరకు అందరును అంగీకరింతురు. కాని మందు మంచిదన్నంత మాత్రమున రోగము కుదురదు. పథ్యము కూడ ఉండవలెను. కట్టడమను ఈ మందునకు రెండు పథ్యములు కలవు. కట్టినది ఆ ప్రాంతమునకు పదికాలములపాటు అక్కరకు రావలెను, ఇది మొదటిది. కట్టినవానికి కడుపునిండ కూలి సకాలమున చేతికి అందవలెను, ఇది రెండవది. మొదటిదానిని ప్రభుత్వములు అప్పుడప్పుడైనను పాటించినవి. రెండవదానిని మరచినపుడెల్ల మందు సగమే పనిచేసినది. తెలుగునేల చరిత్రయే దీనికి సాక్షి.

పారిశ్రామిక యుగమునకు ముందు, వ్యవసాయమే ఆధారమైన ప్రాంతములలో, మాంద్యము కరవు రూపమున కనబడెడిది. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున రాజమహేంద్రవరము జిల్లా స్థితి అట్టిది. మాంచెస్టరు బట్ట వచ్చి చేరుటతో నేతపని క్షీణించినది. తూర్పు ఇండియా కంపెనీ తీరమునందలి తన వస్త్రవ్యాపారమును ముగించుకొన్నది. దానిపై తుఫానులు, వరదలు, అనావృష్టి. 1832-33 నాటి నందన కరవు గుంటూరు సీమను తుడిచిపెట్టినది. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేలుగా నున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగిపోయినది. గోదావరి నిండుగ పారుచుండగనే దాని ఒడ్డున జనము తరిగిపోయిరి.

1844లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టవలెనని నివేదిక వ్రాసెను. 1846 డిసెంబరులో అనుమతి వచ్చినది. 1847లో పని మొదలైనది. 1852 మార్చి నాటికి పూర్తియైనది. ఆ అయిదేండ్లలో జరిగిన దానిని గమనింపవలెను. నీరు పొలమునకు చేరుటకు పూర్వమే, కూలి గుడిసెకు చేరినది. సుమారు 10 వేలమంది పనివారు అచ్చట గుమిగూడిరి. ధవళేశ్వరపు కొండలలో రాయి పగులగొట్టువారు, సున్నము కాల్చువారు, పడవలవారు, కమ్మరులు, వడ్రంగులు, మట్టి త్రవ్వువారు ఒక్కచోట పని పొందిరి. పనివారిని సమకూర్చి నడిపించుటలో కాటనునకు కుడిభుజముగా నిలిచిన తెలుగువాడు వీణెం వీరన్న. ఆనకట్ట వెనుక కాలువలు, లాకులు, వంతెనలు వచ్చినవి. గన్నవరమువద్ద 49 కమానులతో అక్విడక్టు లేచి, గోదావరి పాయ మీదుగా నీటిని కోనసీమలో నగరము లంకకు చేర్చినది.

కూలి ద్వారా వచ్చిన ఉపశమనము అయిదేండ్లది. నీటి ద్వారా వచ్చిన లాభము తరతరములది. 1876-78 నాటి మహాక్షామమున దక్షిణదేశమంతయు అలమటించుచుండగా గోదావరీ కృష్ణా డెల్టాలు తాము తినుటయే గాక ఇతర ప్రాంతములకు ధాన్యము పంపగలిగినవి. కాటన్ కట్టిన ఆనకట్ట స్థానమున 1970లో మొదలుపెట్టి 1982లో ముగించిన బ్యారేజి నేడు సుమారు 10 లక్షల ఎకరములకు నీరిచ్చుచున్నది. మొదటి పథ్యము పాటించినచో కట్టడము ఎంతటి మేలు చేయునో చెప్పుటకు ఇంతకంటె పెద్ద ఉదాహరణము తెలుగునేలపై లేదు.

రెండవ పథ్యము తప్పినచో ఏమగునో ఆ మహాక్షామమే చూపినది. ధాత కరవని తెలుగువారు పిలుచుకొన్న ఆ కరవులో మద్రాసు ప్రభుత్వము లక్షలమందిని మట్టిపనులలో పెట్టినది. చెన్నపట్టణమున అడయారు, కూవము నదులను కలుపు బకింగుహాము కాలువ భాగము 1877-78లో కరవుపనిగానే త్రవ్వించినది. ఉత్తరమున పెదగంజామునుండి దక్షిణమున మరక్కాణము వరకు సాగిన ఆ కాలువ, కొమ్మమూరు కాలువతో కలిసి, కృష్ణా గోదావరీ డెల్టాల పంటను పడవలపై చెన్నపట్టణమునకు చేర్చినది. 1965-66 తుఫానుల దెబ్బ తగులువరకు దానిపై రవాణా నడచినది. కట్టడముగా అది వ్యర్థము కాదు.

కాని త్రవ్వినవారి మాట యేమి? ఖర్చు తగ్గింపవలెనని 1877 జనవరిలో భారత ప్రభుత్వము పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, కరవుపనులలో మగకూలీకి రోజునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణా డబ్బును చాలునని నిర్ణయించెను. పౌను అనగా నేటి లెక్కలో 450 గ్రాములు. దినమంతయు గడ్డపార పట్టువానికి ఆ తిండి చాలదని మద్రాసు రాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ ఎదురు చెప్పెను. తరువాత ఆ కట్టడి కొంత సడలినది గాని, అప్పటికే పని చేయుచునే కృశించిపోయినవారు ఎందరో. ఖజానాలో సొమ్ము మిగిలినది. కాని కూలివాని చేతిలో మిగులు లేనందున అంగడిలో కొనుగోలును లేదు. ప్రాణమును నిలుపలేని కూలి వ్యాపారమును మాత్రము ఎట్లు నిలుపును?

ఈ అనుభవములు సిద్ధాంతముగా రూపొందుటకు మరి యాబదేండ్లు పట్టినది. 1929లో మొదలైన ప్రపంచ మాంద్యము కోట్లమంది పనిని హరించినది. 1931లో కేంబ్రిడ్జి పండితుడు రిచర్డ్ కాన్, రహదారుల వంటి పనులపై ప్రభుత్వము పెట్టు ఒక్కొక్క పౌను, కూలివాని చేతినుండి దుకాణదారునకు, అతనినుండి మరియొకనికి మారుచు, మొదటి పనికంటె ఎక్కువ పనిని ఎట్లు కల్పించునో గణించి చూపెను. 1936లో కీన్స్ తన గ్రంథమున ఆ లెక్కనే మూలస్తంభముగా నిలిపెను. ఏమియు తోచనిచో సీసాలలో నోట్లు పెట్టి పాతి, వానిని జనముచేత త్రవ్వించినను నిరుద్యోగము తగ్గునని ఆయన ఎగతాళిగా వ్రాసెను. అంతకంటె ఇండ్లు కట్టుట తెలివైన పనియని ఆ వెంటనే చేర్చెను. ఎగతాళి మాట అందరికిని జ్ఞాపకమున్నది. చేర్చిన మాటయే ముఖ్యమైనది.

ఆ మాంద్యకాలముననే దక్షిణదేశమునను కొన్ని పెద్ద కట్టడములు పూర్తియైనవి. మాంద్యమును పోగొట్టుటకని వానిని తలపెట్టలేదు, అంతకుముందే మొదలైనవి. అయినను ధరలు పడిపోయి రైతు శిస్తు కట్టలేని దినములలో కూలి పుట్టించినవి అవియే. మంజీరపై నిజాముసాగరము 1931లో ముగిసినది. దాని నీటితో చెరకు పండి, 1937లో బోధనులో పంచదార కర్మాగారము వెలసి, నిజామాబాదు సీమను దశాబ్దములపాటు పోషించినది. విశాఖపట్టణపు రేవు 1933లో తెరవబడినది. తరువాత అచ్చట ఓడల నిర్మాణశాల, చమురుశుద్ధి కర్మాగారము, ఉక్కు కర్మాగారము వచ్చినవి. మాంద్యములో పూర్తియైన రేవు లేనిచో మాంద్యము పోయిన తరువాతి విశాఖ లేదు.

స్వాతంత్ర్యానంతరము నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిరి. దానిని కాంక్రీటుతో గాక రాతికట్టుగా నిర్మించిరి. సిమెంటు పొదుపగును, స్థానికముగా రాయి దొరకును, అన్నిటికంటె ముఖ్యముగా వేలాదిమందికి పని దొరకును. సుమారు 124 మీటర్ల ఎత్తున రాతిపై రాయి పేర్చినది యంత్రములకంటె ఎక్కువగా మనుష్యుల భుజములు. 1965-67 నడుమ దేశమున వరుస అనావృష్టులు వచ్చి, పరిశ్రమలు మందగించి, పంచవర్ష ప్రణాళికకే విరామము కలిగిన దినములలో ఆ పని సాగుచుండెను. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిరి. ఒకే కట్టడమును యంత్రముతోను కట్టవచ్చును, చేతులతోను కట్టవచ్చును. మాంద్యములో ఏ పద్ధతి ఎన్నుకొందుమను దానిపై ఎన్ని పొయ్యిలు వెలుగునో ఆధారపడియుండును.

కట్టడమునకే ఈ గుణమెట్లు వచ్చినదని విద్యార్థులు అడుగవచ్చును. దూరదేశమునుండి యంత్రము తెప్పించినచో ఆ సొమ్ములో పెద్దభాగము ఆ దేశమునకే పోవును. ఇల్లు, కాలువ, బాట కట్టునపుడు ఇసుక ఏటిది, ఇటుక ఊరిది, కంకర కొండది, కూలి పొరుగూరిది. సొమ్ము ఆ ప్రాంతముననే పలుమార్లు చేతులు మారును. పైగా చదువు లేనివానికి సయితము మరునాడే పని దొరకును. ఈ గొలుసు ఎంత పొడవైనదో అది తెగినపుడు తెలియును. 2019లో ఆంధ్రప్రదేశమున నదులలో వరదల వలనను, విధానము మారుటవలనను నెలల తరబడి ఇసుక కొరత ఏర్పడినది. ఆగినది ఇసుక ఒక్కటే; కాని తాపీపనివారు, రంగులు వేయువారు, వడ్రంగులు, ఇనుపకొట్లవారు, లారీలవారు, కూలీల అడ్డాలవద్ద ఫలహారము లమ్ముకొనువారు అందరును పని కోల్పోయిరి.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. 2008లో ప్రపంచమును ముంచిన మాంద్యము అమెరికాలో ఇండ్ల వ్యాపారమునుండియే పుట్టినది గదా, స్పెయిను, ఐర్లండు దేశములు కట్టిన ఇండ్ల క్రిందనే నలిగినవి గదా అందురు. నిజమే. కాని అచ్చట రోగము కట్టుటలో లేదు. కట్టినదాని ధర నిత్యము పెరుగునను భ్రమలోను, ఆ భ్రమపై ఇచ్చిన అప్పులలోను ఉన్నది. కట్టడము వేరు, స్థలముల జూదము వేరు. పొలమునకు రాళ్లు పాతి, ఒకని చేతినుండి మరియొకనికి పదిమార్లు అమ్మినను ఒక్క మేస్త్రీకి కూలి దొరకదు, ఒక్క కుటుంబమునకు నీడ దొరకదు. తెలుగునాట నగరముల చుట్టును ఈ రెండింటిని ఒకటిగా చెప్పి, భూమి ధర పెరుగుటనే ప్రాంతాభివృద్ధిగా చాటువారు కలరు. ధర పెరిగినచో ఇల్లు లేనివానికి ఇల్లు మరింత దూరమగును. ఆ లెక్కను అభివృద్ధి పద్దులో వ్రాయరాదు.

అప్పు చేసి కట్టుట భావితరములకు భారము గాదా అనునది మరియొక ఆక్షేపము. ఏది కట్టుచున్నారను దానిపై దీనికి సమాధానమున్నది. నీరిచ్చు కాలువ తన అప్పును తానే తీర్చుకొనును. శిలాఫలకముకొరకు లేచిన భవనము అప్పును మిగిల్చి పోవును. కావుననే మొదటి పథ్యము.

రెండవ పథ్యము సంగతి నేటికిని విచారకరమే. పాలమూరు జిల్లా కూలీలు నాగార్జునసాగరము మొదలు ఇతర రాష్ట్రముల ఆనకట్టల వరకు ఎన్నిటికో రాళ్లెత్తిరి. గుంపుమేస్త్రీ ఇచ్చిన బయానాకు కట్టుబడి, పిల్లలను చంకనెత్తుకొని వలస పోయిరి. కృష్ణ తమ జిల్లా అంచుననే పారుచుండగా వారి చేలు మాత్రము దశాబ్దములపాటు ఎండియుండినవి. ఇతరుల పొలములకు నీరు తెచ్చిన చేతులకు తమ పొలమున పని లేకపోవుటకంటె విపరీత మేమున్నది?

1996లో పార్లమెంటు కట్టడపు పనివారి సంక్షేమమునకై చట్టములు చేసి, నిర్మాణ వ్యయముపై నూటికి ఒకటినుండి రెండు రూపాయల వరకు సుంకము విధించుటకు వీలు కల్పించినది. సుంకము వసూలైనది, పంపకము సాగలేదు. ఈ నిధులు పనివారికి చేరకుండుటను 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీవ్రముగా ఆక్షేపించినది. 2020 మార్చిలో మహమ్మారి వలన దేశమంతట పనులు ఆగినపుడు, సుమారు 52 వేల కోట్ల రూపాయలు ఆ నిధులలో నున్నవనియు, నమోదైన పనివారు మూడున్నర కోట్లమంది యనియు కేంద్ర ప్రభుత్వమే ప్రకటించి, సొమ్ము వారి ఖాతాలలో వేయుడని రాష్ట్రములను కోరినది. ఆ యేడు ఏప్రిలు-జూను మాసములలో నిర్మాణరంగపు ఉత్పత్తి అంతకుముందటి యేటితో పోల్చినచో సుమారు సగమునకు పడిపోయినది. నగరములను కట్టినవారు ఆ నగరములలో ఒక నెల అద్దె కట్టలేక కాలినడకను స్వగ్రామములకు మరలిరి. సుభిక్షకాలమున వారికి చేరవలసిన సొమ్ము చేరియుండినచో ఆ నడకలో కొంతయైనను తప్పియుండెడిది.

మార్గము లేదని చెప్పుటకు వీలులేదు. 2005లో చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో అమలునకు వచ్చినది. ఖర్చులో కనీసము నూటికి 60 వంతులు కూలికే పోవలెనను నియమము దానిలో నుండెను. 2020-21లో, నగరములు తరిమివేసినవారు పల్లెలకు చేరినపుడు, ఆ పథకము క్రింద దేశమున సుమారు 389 కోట్ల పనిదినములు కల్పించిరి. కూలి ఆలస్యము, పనుల నాణ్యత గురించి దానిపై వచ్చిన ఫిర్యాదులు నిజములే. కాని ఆపత్కాలమున పల్లెను ఆదుకొన్నది అదియేయనుటయు నిజమే.

కావున చేయవలసినవి స్పష్టముగా నున్నవి. మాంద్యము వచ్చిన తరువాత పటములు గీయుట మొదలుపెట్టినచో పని మొదలగునప్పటికి మాంద్యమే దాటిపోవును. ప్రతి జిల్లాకును తీర్చవలసిన పనుల పట్టిక సుభిక్షముననే సిద్ధముగా నుండవలెను. ఆ పట్టికలో పూడిన చెరువులు, గండ్లు పడిన కాలువగట్లు, కురియు పాఠశాలల కప్పులు, పేదల ఇండ్లు ముందుండవలెను. మరమ్మతు పనికి ప్రారంభోత్సవపు వైభవము లేదు గాని, పెట్టిన రూపాయిలో కూలికి పోవు భాగము ఎక్కువ. యంత్రము తప్పనిసరియైన చోటనే యంత్రము రావలెను. కూలి వారము దాటకుండ అందవలెను. వలసవచ్చిన కూలీ పేరు అతడు పనిచేయుచోట నమోదు కావలెను, అతని పిల్లలు అచ్చటి బడిలో చేరవలెను. ఇవి దయాధర్మములు కావు. కూలీ ఖర్చుపెట్టగలిగిననే గదా ఆ ప్రాంతపు అంగడి తెరచియుండును!

ఈ విషయమున ఉపాధ్యాయులు చేయగల పనియు నొకటి కలదు. గోదావరి తీరమున కాటన్ పేరు ఎరుగని విద్యార్థి యుండడు, ఉండరాదు కూడ. వీణెం వీరన్న పేరు ఎరిగినవారు తక్కువ. ఆ పదివేలమందిలో మరియొకని పేరు ఎవరికిని తెలియదు. పాఠము చెప్పునపుడు ఆనకట్ట పొడవుతోపాటు దానిని కట్టినవారెవరు, ఎచ్చటినుండి వచ్చిరి, రోజుకూలి యెంత, ఆ కూలికి ఎన్ని సోలల బియ్యము వచ్చెడిది అను ప్రశ్నలను కూడ పిల్లల ముందు పెట్టవలెను. ఊరి బడి భవనమును, వంతెనను, నీళ్ల ట్యాంకును చూపి, వీనిని కట్టినవారిని వెదకి అడిగి వ్రాసికొని రమ్మనవలెను. నేటి విద్యార్థులలో నుండియే రేపటి ఇంజనీర్లు, అధికారులు, శాసనసభ్యులు వత్తురు. పటముపై గీత గీయుటకు ముందు ఆ గీత వెంబడి తట్ట మోయువారి లెక్క వేయుట వారికి చిన్ననాడే అలవడవలెను.